లోపలి కుట్టు చూసే పిల్లలు

స్కూలు చదువు చివరికొచ్చిన పిల్లో పిల్లాడో "నేను ఫ్యాషన్ డిజైనర్ అవుతా" అనగానే పెద్దవాళ్లు రెండు పార్టీలుగా విడిపోతారు. ఒక పార్టీ "అదీ ఒక చదువేనా? బట్టలు కుట్టుకుంటూ బతుకుతావా?" అని నీరుగార్చేస్తుంది. రెండో పార్టీ "నీ మనసుకి నచ్చింది చెయ్యి, ఎవరి మాటా వినకు" అని భుజం తట్టి వెళ్లిపోతుంది. మొదటి పార్టీ మీద అందరికీ కోపమే. నాకైతే రెండో పార్టీ మీద ఇంకాస్త ఎక్కువ కోపం. మొదటివాళ్లు కనీసం ఫీజు ఎవరు కడతారా అని ఆలోచిస్తారు. రెండోవాళ్లు ఆ పిల్లకి నిజంగా ఏది ఇష్టమో కూడా అడగరు.

ఫ్యాషన్ ఇష్టమని చెప్పింది కదా, ఇంకా అడగడానికేముంది అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. మంచి బట్టలు వేసుకోవడం, చూడడం, ఒకదానికొకటి జత కలపడం ఇష్టమవడం ఒకటి. బట్ట తయారు చేయడం ఇష్టమవడం ఇంకొకటి. పదిహేడేళ్లప్పుడు ఈ రెండూ కలిసే ఉంటాయి, ఏది ఎంత ఉందో ఆ పిల్లకే తెలీదు. రెండింటికీ ఉద్యోగాలున్నాయి, రెండూ పరువైన పనులే. కానీ స్కూలు అయ్యాక ఎటు వెళ్లాలన్న దానికి మాత్రం రెండింటికీ ఒకే జవాబు లేదు. ఫీజు కట్టక ముందే ఇది తేల్చుకోవాలి, తేల్చుకోవడానికి కొన్ని సాయంత్రాలు చాలు అన్నదే నేను చెప్పదలుచుకున్నది.

నేను ప్యాటర్న్ మేకర్ని. డిజైనర్ గీసిన బొమ్మ చూసి, దాన్ని గుడ్డ మీద పెట్టి కత్తిరించడానికి వీలైన కాగితపు ముక్కలుగా మార్చడం నా పని. అందుకని మా చుట్టాల్లో ఏ పిల్లకి బట్టల పిచ్చి పట్టినా "మీ పిన్నిని అడుగు" అని నా దగ్గరికి తోలేస్తారు. ఈసారి మా అక్క కూతురి వంతు. స్కూల్లో ఆఖరి సంవత్సరం. వస్తూనే ఒక స్కెచ్‌బుక్కు, ఫోన్ నిండా ఫొటోలు, వీటితోపాటు పెద్ద ప్లాను. స్కూలు వదిలే ముందు జరిగే వేడుకకి తన డ్రెస్సు తనే డిజైన్ చేసుకుంటుందట. ఆ తర్వాత ఫ్యాషన్ కాలేజీ. ఆ తర్వాత సొంత బ్రాండు. బ్రాండుకి పేరు పెట్టేసింది, లోగో కూడా గీసేసింది. (లోగో బాగుంది. ఈ కాలం పిల్లలు లోగోలు భలే గీస్తారు.)

"పిన్నీ, నిజం చెప్పు. నాకు టాలెంట్ ఉందా?" అంది.

టాలెంట్ సంగతి నేను మాట్లాడను. అందులోనూ స్కెచ్ చూసి అసలే మాట్లాడను. ఫ్యాషన్ స్కెచ్‌లో మనిషిని సాధారణంగా తొమ్మిది తలల పొడవు గీస్తారు. నిజం మనిషి సుమారు ఏడున్నర తలలే ఉంటాడు. ఆ ఎక్కువైన పొడవంతా దాదాపు కాళ్లకే పోతుంది. ఆ కాళ్ల మీద ఏ గౌను గీసినా అందంగానే ఉంటుంది. పైగా గుడ్డకి బరువుంటుంది, సాగుతుంది, ముడతలు పడుతుంది. పెన్సిల్ గీతకి ఆ బాధలేవీ లేవు. మంచి స్కెచ్ వేసేవాళ్లు మంచి డిజైనర్లయితే కావచ్చు, కానీ అది స్కెచ్ చూసి చెప్పగలిగే సంగతి కాదు.

నా బీరువాలోంచి ఒక గౌను తీసి చేతికిచ్చాను. ముందు ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకుంది. ఎవరైనా చేసేది అదే. తర్వాత జిప్పు తీసి, లోపలి వైపు తిప్పి, మెడ చుట్టూ వేలితో తడుముతూ, "ఇక్కడ మాత్రం ఇంకో పట్టీ ఎందుకేశారు పిన్నీ?" అంది. మెడ అంచు గుండ్రంగా కత్తిరిస్తాం కాబట్టి అక్కడ గుడ్డ సాగిపోయే గుణం ఉంటుంది. అలా సాగకుండా, అంచు లోపలికి శుభ్రంగా మడతపడేలా అదే ఆకారంలో ఇంకో ముక్క కత్తిరించి లోపల వేస్తాం. ఆ సమాధానం కంటే ఆ ప్రశ్నే నాకు ముఖ్యం. నాకు తెలిసిన ప్రవేశ పరీక్ష అదొక్కటే.

అలా తిప్పి చూడని పిల్లలు పనికిరారని కాదు. అది బొత్తిగా తప్పు మాట. ఈ రంగంలో డిజైనర్ల కంటే మిగతావాళ్లే చాలా ఎక్కువ. ర్యాంపు మీద షో అయిపోయాక చివర్లో ఒక మనిషి బయటికొచ్చి దండం పెట్టి వెళ్లిపోతారు కదా, పిల్లలకి ఆ ఒక్క మనిషే కనిపిస్తారు. ఆ షోలో బట్టలు సుమారు ఆరు నెలల తర్వాత వచ్చే సీజన్‌వి. ఏ రంగు ఎన్ని కొనాలి, ఏ సైజు ఎన్ని తెప్పించాలి, ఏది అమ్ముడుపోక మిగిలిపోతుంది అని అప్పుడే అంచనా వేసే బయ్యర్ ఒకరుంటారు. గుడ్డ ఎక్కడిది, గుండీలు ఏ తేదీకి వస్తాయి, ఒక్కో పీసుకి ఖర్చెంత అని లెక్కలు చూసే మర్చండైజర్ ఉంటారు. స్టైలిస్టు, ఫొటోగ్రాఫరు, పత్రికలో రాసేవాళ్లు, సినిమాకి కాస్ట్యూమ్స్ చేసేవాళ్లు సరేసరి. 'గాంధీ' సినిమాకి జాన్ మొల్లోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకున్న భాను అథయ్య, తొలి రోజుల్లో పత్రికలకి ఫ్యాషన్ బొమ్మలు గీసిన ఆవిడే. ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ మెడిసిన్ చదువు మధ్యలో మానేసి, మిలాన్‌లో లా రినాషెంతే అనే పెద్ద స్టోర్‌లో అద్దాల వెనక బట్టలు అలంకరించే పనిలో చేరాడు. జనం ఏం చూసి ఆగుతారో, ఏం ముట్టుకుంటారో ఆయనకి అక్కడే తెలిసింది. సొంత కంపెనీ పెట్టింది 1975లో, నలభై దాటాక.

వేసుకోవడం మీద, జత కలపడం మీద ఇష్టం ఉన్న పిల్లని తీసుకెళ్లి కటింగ్ టేబుల్ దగ్గర నిలబెడితే ఏడాది తిరక్కుండా ఫ్యాషన్ మీదే విరక్తి పుడుతుంది. అలాంటివాళ్లని చూశాను. ఆ పిల్లలో లోపమేం లేదు, పంపిన చోటు వాళ్లది కాదు, అంతే.

ఇక మా పిల్ల ప్లానులో నాకు నచ్చని ముక్క ఒకటుంది. "పరీక్షలు అయిపోతే ఇంక మ్యాథ్స్ పీడ విరగడవుతుంది" అంది. అవునా అని, ఒక గుండ్రటి గేరు స్కర్టు కత్తిరించమన్నాను. పూర్తి వృత్తం స్కర్టు, అంటే పరిస్తే గుండ్రంగా వచ్చేది. నడుము కొలత 66 సెంటీమీటర్లు. మధ్యలో నడుముకి ఎంత రంధ్రం పెట్టాలి? కాసేపు టేపు పట్టుకుని తిప్పలు పడింది. వృత్తం చుట్టుకొలత సూత్రం తనకి కంఠతా వచ్చు, మొన్ననే పరీక్ష రాసింది కూడా. అది ఇక్కడికి పనికొస్తుందని మాత్రం తట్టలేదు. 66ని రెండు పైలతో, అంటే 6.28తో భాగిస్తే 10.5 సెంటీమీటర్ల వ్యాసార్ధం. స్కర్టు పొడవు 60 అనుకుంటే బయటి అంచు వ్యాసార్ధం 70.5, చుట్టుకొలత దాదాపు 443 సెంటీమీటర్లు. ఇంచుమించు నాలుగున్నర మీటర్ల అంచు మడిచి కుట్టాలన్న మాట. ఆ అంకె చూశాక ముఖం కొంచెం మారింది.

అక్కడితో అయిపోలేదు. వృత్తంలో కొంత భాగం పడుగు నూలు వెంట పడుతుంది, కొంత పేక నూలు వెంట, మిగతాది ఏటవాలుగా. పడుగు, పేక రెండింటికీ 45 డిగ్రీల కోణంలో లాగితే ఏ నేత గుడ్డయినా సాగుతుంది. అందుకే స్కర్టు కుట్టి వెంటనే అంచు మడిస్తే, రెండ్రోజుల్లో అడుగున వంకరటింకరగా దిగిపోతుంది. కనీసం ఒక రోజు హ్యాంగర్‌కి వేలాడదీసి, సాగాల్సింది సాగనిచ్చి, అప్పుడు నేల నుంచి కొలిచి అంచు సరిచెయ్యాలి. ఇదే గుణాన్ని తప్పులా కాకుండా పనిముట్టులా వాడింది ఫ్రెంచి డిజైనర్ మదెలీన్ వియోనే. పదకొండేళ్లకే కుట్టుపనిలో చేరి, 1920లు, 30ల్లో గుడ్డని ఏటవాలుగా కత్తిరించే క్రాస్ కటింగ్‌తో ఒంటిని అంటిపెట్టుకుని జారే గౌన్లు చేసింది. ఆవిడ బొమ్మ గీసి మొదలుపెట్టేది కాదు. ఒక చిన్న చెక్క బొమ్మ మీద గుడ్డ చుట్టి, పిన్నులు గుచ్చుతూ ఆలోచించేది. జామెట్రీ కళ్లముందు నడుస్తుంటే అది జామెట్రీ అని ఎవరికీ అనిపించదు.

కెమిస్ట్రీ వద్దనే పిల్లలకి నేను విలియం పెర్కిన్ కథ చెబుతాను. 1856లో ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. లండన్‌లో ఇంట్లోనే పెట్టుకున్న చిన్న ప్రయోగశాలలో మలేరియా మందు క్వినైన్ తయారు చేద్దామని కూర్చున్నాడు. మందు రాలేదు. గాజు పాత్రకి అంటిన మడ్డిని ఆల్కహాల్‌తో కడుగుతుంటే ఊదా రంగు వచ్చింది. దాన్ని సిల్కు మీద వేసి చూస్తే ఉతికినా, ఎండలో పెట్టినా నిలిచింది. భారీ ఎత్తున తయారై మార్కెట్లోకి వచ్చిన మొదటి కృత్రిమ రంగు అదే. రెండేళ్లకి విక్టోరియా రాణి తన కూతురి పెళ్లికి ఊదా రంగు గౌనుతో వచ్చింది. ఒక టీనేజర్ చేతిలో పుట్టిన రంగు ఆ కాలం ఫ్యాషన్‌ని ఊపేసింది. ఆ కుర్రాడు కూర్చున్నది బట్టల కోసం కాదన్నది వేరే సంగతి.

సోషల్ పాఠాల గురించి మాత్రం నేను నెమ్మదిగా మాట్లాడలేను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బట్టలు కుట్టే ఆడపిల్లలు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు మూసేశారు, పైన ఉన్న కుట్టు ఫ్యాక్టరీలకి మాత్రం మర్నాడు జనాన్ని పనికి రప్పించారు. ఆర్డర్లు గడువుకి పంపాలి కదా! చనిపోయినవాళ్లలో చాలామంది వయసు మా పిల్ల వయసుకి అటూ ఇటే. వాళ్లు కుట్టిన బట్టలు వేసుకుని ఫొటో దిగే పిల్లకి, ఆ బట్ట అంత చవగ్గా ఎలా వచ్చిందో లెక్క కట్టగలిగేంత ఆర్థిక శాస్త్రం వచ్చి ఉండాలి. ఫ్యాషన్ చదవాలనుకునేవాళ్లు ఈ పాఠం వదిలెయ్యడానికి వీల్లేదు. మా పిల్లకి ఇది చెప్పినప్పుడు చాలాసేపు ఏం అనలేదు. తర్వాత తన డ్రెస్సు మెడ దగ్గర లేబుల్ చూసుకుంది.

ఇలా చదువు గురించి మాట్లాడగానే ఎవరో ఒకరు బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ పేరు తెస్తారు. పదహారేళ్లకే స్కూలు వదిలేశాడు కదా అంటారు. వదిలేశాడు, నిజమే. వదిలేసి ఎక్కడికి వెళ్లాడో కూడా చెప్పాలి. లండన్‌లో సూట్లకి పేరుమోసిన సావిల్ రో వీధిలో, ఆండర్సన్ అండ్ షెపర్డ్ అనే టైలరింగ్ షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. తర్వాత ఇంకో టైలరింగ్ షాపు, ఆ తర్వాత నాటకాలకి దుస్తులు కుట్టే చోటు. ఇవన్నీ అయ్యాక లండన్ కాలేజీ సెంట్రల్ సెయింట్ మార్టిన్స్‌లో ఎం.ఏ. చేసి 1992లో బయటికొచ్చాడు. స్కూలు మానేసినవాడు కాదు, ఇంకా కఠినమైన స్కూల్లో చేరినవాడు. కోటు భుజం ఎలా నిలబడుతుందో చేతివేళ్లకి తెలిశాకే దాన్ని చిందరవందర చేసే ధైర్యం వచ్చింది.

ఇంకో పేరు ఫ్రెంచి డిజైనర్ ఈవ్ సాన్ లొరాన్. అది పద్దెనిమిదేళ్లవాళ్లకి బాగా ఎక్కే కథ. 1954లో అంతర్జాతీయ ఉన్ని సంస్థ పెట్టిన డిజైన్ పోటీలో డ్రెస్సు విభాగంలో మొదటి బహుమతి కొట్టాడు. అదే పోటీలో కోటు విభాగంలో గెలిచింది, తర్వాత తనూ పెద్ద డిజైనరైన కార్ల్ లాగర్‌ఫెల్డ్. మర్నాడు కాకపోయినా మరుసటేడు సాన్ లొరాన్ పేరుమోసిన డిజైనర్ క్రిస్టియాన్ డియోర్ దగ్గర చేరాడు. 1957లో డియోర్ హఠాత్తుగా చనిపోతే, ఇరవై ఒక్క ఏళ్లకే ఆ సంస్థ డిజైన్ పగ్గాలు అతని చేతికొచ్చాయి. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. 1960లో సైన్యంలోకి పిలుపొచ్చింది, మనసు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు, డియోర్‌లో స్థానం పోయింది అన్నది చెప్పరు. లేచి సొంత సంస్థ పెట్టుకున్నాడు, అది గొప్పే. కానీ ఇరవయ్యొక్కేళ్లకి అంత బరువు మొయ్యడాన్ని కలగా చూపించడం నాకు మింగుడుపడదు. త్వరగా రావడమే గెలుపు అన్న లెక్క ఈ రంగానికి చాలా చేటు చేసింది.

అసలు ఫ్యాషన్ చదవకుండానే వచ్చినవాళ్లూ ఉన్నారు. మ్యూచా ప్రాడా చదివింది రాజనీతి శాస్త్రం. రేయి కవాకుబో కళలు, సాహిత్యం చదువుకుంది, డిజైన్ కాలేజీ గుమ్మం తొక్కలేదు. వర్జిల్ ఆబ్లో సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ చేసి, ఆర్కిటెక్చర్‌లో పీజీ చేసి, 2018లో లూయీ విట్టాన్ మగవాళ్ల దుస్తుల విభాగానికి అధిపతి అయ్యాడు. మా అక్కకి ఈ జాబితా బాగా నచ్చింది. "చూశావా, ముందు ఇంజినీరింగ్ చదవమంటోంది మీ పిన్ని" అంది కూతురితో. నేనలా అనలేదు. వేరే డిగ్రీ చదివినా దారి మూసుకుపోదన్నాను, అంతే. ఏ డిగ్రీ చదివినా చేతిపని మాత్రం ఇప్పుడే మొదలెట్టాలి. డిగ్రీలు తర్వాతయినా చదవొచ్చు. వేళ్లకి అలవాటు పడాల్సిన పని మాత్రం సైకిల్ తొక్కడం నేర్చుకున్నట్టు చిన్నప్పుడే సులువుగా అబ్బుతుంది.

అందుకే కాలేజీ మాట తర్వాత చూద్దాం, ముందు వేడుక డ్రెస్సు కుట్టు అన్నాను. డిజైన్ చెయ్యడం కాదు, కుట్టడం. ముందు చౌకరకం కాటన్ మీద నమూనా, అది కుదిరాకే అసలు గుడ్డ ముట్టుకోవాలి. ఒప్పుకుంది. బాడీ భాగం బాగానే వచ్చింది. గొడవంతా చేతుల దగ్గర వచ్చింది.

చెయ్యి అతకడం ఎందుకు కష్టమో బయటివాళ్లకి తెలీదు. ఆర్మ్‌హోల్, అంటే బాడీకి చెయ్యి అతికే రంధ్రం, దాని చుట్టుకొలత కంటే చెయ్యి పై ఒంపు చుట్టుకొలత కొంచెం ఎక్కువ పెడతాం, గుడ్డని బట్టి రెండు మూడు సెంటీమీటర్లు. ఆ ఎక్కువ ఉన్న గుడ్డ భుజం గుండ్రదనంలోకి కుచ్చు పడకుండా ఇమిడిపోవాలి. అంచు వెంట రెండు వరసలు పెద్ద కుట్లు వేసి, దారం మెల్లగా లాగి, గుడ్డని వేళ్లతో సర్దుతూ, ఆవిరి ఇస్త్రీతో అణిచి, అప్పుడు మిషన్ మీద పెట్టాలి. మొదటిసారి భుజం మీద ముడతలు పడ్డాయి. విప్పింది. రెండోసారి కాస్త నయం. అప్పుడు తొడుక్కుని చూసుకుంటే కుడిచెయ్యి ముందుకి కదలడం లేదు. ఏంటా అని చూస్తే, రెండూ ఎడమ చేతులే. చెయ్యి ఒంపు ముందువైపు ఎక్కువ లోతుగా, వెనకవైపు తక్కువగా ఉంటుంది కాబట్టి కుడి ఎడమలు వేరు. ఒంటి పొర గుడ్డ మీద కాగితం తిరగెయ్యకుండా రెండుసార్లు కత్తిరిస్తే ఇదే జరుగుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లలో ఇది చెయ్యనివాళ్లు ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

పక్క గదిలోంచి మా అక్క, "ఒక్క చెయ్యి కోసం ఇంతసేపా? రెడీమేడ్‌ది కొనుక్కుంటే పోలా?" అంది. పిల్ల ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "ఇంకో మీటరు గుడ్డుందా పిన్నీ?" అంది.

నా సందేహం అక్కడ తీరింది. ఈ పిల్లది తయారు చేసే ఇష్టమే. రెండు ఎడమ చేతులు వచ్చాక కూడా గుడ్డ అడిగే పిల్లకి ఫీజు కట్టొచ్చు. అప్పుడు విసుగొచ్చి, "ఈ రంగుకి ఏ చెప్పులు బాగుంటాయి?" అని అడిగి ఉంటే అప్పుడూ నాకు బాధ లేదు, ఇంకో రకం కోర్సు వెతికేవాళ్లం. మా అక్కకి నేను చెప్పింది కూడా ఇదే. పార్సన్స్, సెయింట్ మార్టిన్స్ లాంటి పెద్ద కాలేజీల పేర్లు చూసి కళ్లు తిరగనక్కర్లేదు, చూసి భయపడనూ అక్కర్లేదు. ఏ కాలేజీకి వెళ్లినా ముందు కనుక్కోవాల్సింది అక్కడ వారంలో ఎన్ని గంటలు కటింగ్ టేబుల్ దగ్గర నిలబెడతారు అని. గోడల మీద పోస్టర్లు, పాత విద్యార్థుల ఫొటోలు ఎన్నున్నాయో లెక్కపెట్టక్కర్లేదు. మొదట్లో జీతాలు తక్కువన్నది నిజం, పని గంటలు ఎక్కువన్నదీ నిజం. అది పిల్లకి దాచకుండా చెప్పాం. "డాక్టర్లకి మాత్రం మొదట్లో ఎక్కువిస్తారా?" అంది. దానికి మా అక్క దగ్గర సమాధానం లేదు.

కాలేజీల్లో చేరడానికి పోర్ట్‌ఫోలియో, అంటే మనం చేసిన పనులన్నీ చూపించే పుస్తకం, అడుగుతారు. మంచి చోట్ల అందమైన చివరి బొమ్మలే కాకుండా, అక్కడిదాకా ఎలా వచ్చారో కూడా చూపించమంటారు. చెత్త స్కెచ్‌లు, గుడ్డ ముక్కలు, మార్చుకున్న కొలతలు అన్నీ. అందుకని ఆ రెండు ఎడమ చేతుల కాటన్ నమూనా ఫొటో తీసి, ఎందుకలా అయిందో కింద రెండు వాక్యాలు రాసి మొదటి పేజీలోనే పెట్టమంటున్నాను నేను. పరువు పోతుంది, ససేమిరా పెట్టనంటోంది తను. దరఖాస్తు గడువు ఇంకా ఉంది, మా వాదన కూడా ఇంకా నడుస్తోంది. లోగో మాత్రం ప్రతి పేజీ మీదా ఉండాల్సిందేనట.